పంచినా వాళ్లే, కలిపినా వాళ్లే

పెద్దవంగర మండలంలో ఏ తండా పిల్లగాడినైనా ఆపి "మీది ఏ జిల్లా?" అని అడగండి. మహబూబాబాద్ అంటాడు. ఎమ్మెల్యే సీటు ఏదంటే పాలకుర్తి అంటాడు. ఎంపీ సీటు ఏదంటే వరంగల్ అంటాడు. అదే ప్రశ్న వాళ్ల తాతను అడగండి. "మాది కొడకండ్ల మండలం, వరంగల్ జిల్లా" అంటాడు. తాత తప్పు చెప్పలేదు, మనుమడూ తప్పు చెప్పలేదు. తండా ఉన్నచోటనే ఉంది. కదిలినవి గీతలు.

ఒకప్పుడు మన ముత్తాతలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దేశమంతా తిరిగారు. అప్పుడు మనం కదిలాం. ఇప్పుడు మనం ఇల్లు కట్టుకొని, బావి తవ్వుకొని, చెలక దున్నుకొని స్థిరపడ్డాం. ఇప్పుడు సరిహద్దులు సంచారం చేస్తున్నాయి. ఆ సంచారంలో మనకు ఏం దక్కింది, ఏం పోయింది అనే లెక్క మన చదువుకున్న పిల్లలు ఇంకా తీయలేదు. ఆ లెక్క తీయడానికే ఈ వ్యాసం.

మేం మాట్లాడబోయేది జిల్లా పరిషత్తు గురించి. ఈ మాట వినగానే మన యువకులకు ఆవలింత వస్తుందని తెలుసు. మన టీచర్లలో చాలామందికి జిల్లా పరిషత్తు అంటే బడి బోర్డు మీద ఉండే రెండు మాటలు, పీఎఫ్ లోను పెట్టుకునే ఒక ఆఫీసు. అంతకు మించి దానితో మనకు పనేముంది అనుకుంటాం. మనం అలా అనుకోవడమే పై వాళ్లకు కావలసింది.

ముందు పాత కథ చెప్పుకుందాం. 1959లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చాయి. మన పక్క పాలమూరు జిల్లా షాద్‌నగర్‌లో నెహ్రూ వచ్చి మొదలుపెట్టారు. పేరు ప్రజల పేరు. కానీ ఆనాడు సమితి ప్రెసిడెంటు అంటే ఊరి దొర, లేకుంటే దొర మెచ్చిన మనిషి. మన తండాలు పక్క రెవెన్యూ ఊరికి శివారు. పంచాయతీ ఊర్లో ఉంటుంది, పన్ను తండాలో ఉంటుంది. తెలంగాణ లంబాడీలకు ఎస్టీ గుర్తింపు 1976 చట్టంతో గానీ రాలేదు. అప్పటిదాకా ఆ సభలలో మన పేరు మీద ఒక్క కుర్చీ కూడా లేదు. 1986 చట్టంతో సమితులు పోయాయి. 330 సమితుల స్థానంలో వెయ్యికి పైగా మండలాలు నిలిచాయి. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోకి వచ్చాక, జనాభా లెక్క ప్రకారం ఎస్టీలకు సీట్లు ఇవ్వడం తప్పనిసరి అయింది. అంటే జిల్లా పరిషత్తులోకి మనం దయ మీద పోలేదు, రాజ్యాంగం తలుపు తీస్తే పోయాం.

అయినా ఉమ్మడి వరంగల్ జిల్లా పరిషత్తులో మన బలం ఎంత? 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి జిల్లాలో గిరిజనులు నూటికి పదిహేను మంది. ఏడుగురిలో ఒకరు. హనుమకొండలో కూర్చున్న ఆ సభకు ఏటూరునాగారం గూడెం ఎంత దూరమో, పెద్దవంగర తండా కూడా అంతే దూరం. మైళ్లలో కాకపోవచ్చు, మాటలో అంతే దూరం. ఏడుగురిలో ఒకడు లేచి మాట్లాడితే, మిగతా ఆరుగురు టీ తాగుతారు.

2016 అక్టోబరు 11న పది జిల్లాల తెలంగాణ 31 జిల్లాలైంది. వరంగల్ ఐదు ముక్కలైంది: వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి నుంచి ములుగు విడిపోయింది. కొడకండ్ల నుంచి పెద్దవంగరను విడదీసి కొత్త మండలం చేశారు. కొడకండ్లను జనగామకు ఇచ్చారు, పెద్దవంగరను మహబూబాబాద్‌కు ఇచ్చారు. పాత జిల్లా పరిషత్తు మాత్రం 2019 దాకా పాత పేరుతోనే నడిచింది. ఆ ఏడు మే నెలలో ఎన్నికలు జరిగి, జూలైలో కొత్త పాలకవర్గాలు కూర్చున్నాయి. తొమ్మిది జిల్లా పరిషత్తులున్న చోట 32 వచ్చాయి. రాష్ట్రమంతా కలిపి 538 జడ్పీటీసీ స్థానాలు.

ఇప్పుడు లెక్క చూడండి. మహబూబాబాద్ జిల్లా జనాభాలో గిరిజనులు మూడో వంతుకు మించి ఉన్నారు. ఏడుగురిలో ఒకరుగా ఉన్నవాళ్లం ముగ్గురిలో ఒకరమయ్యాం. పదహారు మండలాల కొత్త జిల్లా పరిషత్తుకు తొలి అధ్యక్షురాలుగా ఒక గిరిజన మహిళ, ఆంగోతు బిందు ఎన్నికయ్యారు. దీన్ని మేం తక్కువ చేయం.

కానీ అదే గీత అవతల చూడండి. కొడకండ్ల తండాలలో మన మేనమామలున్నారు, వియ్యంకులున్నారు. వాళ్లు జనగామ జిల్లాకు పోయారు. అక్కడ గిరిజనులు నూటికి పది మంది చుట్టూ ఉంటారు. ఒకే మండలంలో, ఒకే తీజ్ పండుగ చేసుకున్న తండాలలో సగం మంది ముగ్గురిలో ఒకరయ్యారు, మిగతా సగం పదిమందిలో ఒకరయ్యారు. ఈ గీత గీసేనాడు ఏ తండా నాయక్‌ను అడిగారు? ఏ తండాలో సభ పెట్టి తీర్మానం తీసుకున్నారు?

"అడిగాం కదా, అభ్యంతరాలు చెప్పమన్నాం కదా" అని వాళ్లు అంటారు. నిజమే. 2016 ఆగస్టు 22న ముసాయిదా ప్రకటించి, ముప్పై రోజులు గడువిచ్చారు. ఆ ముసాయిదాలో జనగామ జిల్లా లేనే లేదు. జనగామ ప్రజలు రోడ్డెక్కారు, బందులు చేశారు, జిల్లా తెచ్చుకున్నారు. ములుగు వాళ్లు కొట్లాడి మూడేళ్లకు తెచ్చుకున్నారు. ఆ ముప్పై రోజులలో మన తండాల నుంచి ఎన్ని కాగితాలు పోయాయి? మనలో డిగ్రీ చదివినవాళ్లు లేరా? టీచర్లు లేరా? కాగితం రాసే చేయి లేక కాదు, అది మన పని అని మనకు ఎవరూ చెప్పలేదు, మనమూ అనుకోలేదు. ఈ తప్పు సర్కారు ఖాతాలో సగం, మన ఖాతాలో సగం.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. పెద్దవంగర మండలం పాలకుర్తి నియోజకవర్గంలో ఉంది. అది జనరల్ సీటు, మూడు జిల్లాల మండలాలు అందులో ఉన్నాయి. లోక్‌సభకు వరంగల్, అది ఎస్సీ సీటు. మహబూబాబాద్ లోక్‌సభ ఎస్టీ సీటే, కానీ మహబూబాబాద్ జిల్లాలో ఉన్న మనకు అందులో ఓటు లేదు. మహబూబాబాద్, డోర్నకల్ అసెంబ్లీ సీట్లు ఎస్టీవి, అవీ మనవి కావు. మరి మన తండాలను, మానుకోట, గూడూరు, కొత్తగూడ, బయ్యారం తండాలతో, గూడేలతో కలిపి ఒకే చోట కూర్చోబెట్టే ఎన్నికైన సభ ఏదైనా ఉందా? ఒక్కటే ఉంది. జిల్లా పరిషత్తు. అందుకే అది ఖాళీగా ఉంటే పాలకుర్తి వాళ్లకు నొప్పి లేదు, హైదరాబాద్ వాళ్లకు నొప్పి లేదు. నొప్పి మనకే ఉండాలి.

ఆ సభ ఖాళీ అయింది. 2024 జూలై మొదటి వారంలో జడ్పీటీసీల, ఎంపీటీసీల గడువు ముగిసింది. గడువు ముగియక ముందే ఎన్నికలు పూర్తి చేయాలని రాజ్యాంగం 243ఇ అధికరణం చెబుతోంది. 2025 డిసెంబరు ముగిసేనాటికి కూడా ఆ ఎన్నికలు జరగలేదు. కుర్చీలో ప్రత్యేకాధికారి. సర్పంచుల గడువు 2024 ఫిబ్రవరి 1న ముగిస్తే, కొత్త సర్పంచుల కోసం 2025 డిసెంబరు దాకా ఆగాల్సి వచ్చింది. దాదాపు రెండేళ్లు తండా పంచాయతీకి తండా మనిషి లేడు. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగిపోతాయి. ఆగినవి ఎవరి నిధులు? వీధి దీపం, మంచినీటి పైపు, మురికి కాలువ. బస్తీలో కార్పొరేటర్ లేకపోయినా కమిషనర్ ఉంటాడు, డబ్బు ఉంటుంది. తండాలో పంచాయతీ కార్యదర్శి ఒక్కడే ఉంటాడు, వాడి జేబూ ఖాళీయే.

"జిల్లా పరిషత్తు ఉన్నప్పుడు మాత్రం ఏం ఒరగబెట్టింది?" అని మన తమ్ముళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. జవాబు కూడా న్యాయంగానే చెప్పుకోవాలి. పద్నాలుగో ఆర్థిక సంఘం 2015 నుంచి 2020 దాకా తన నిధులన్నీ గ్రామ పంచాయతీలకే ఇచ్చింది, మండలానికి, జిల్లాకు రూపాయి ఇవ్వలేదు. పదిహేనో సంఘం వచ్చాక మళ్లీ మూడు అంచెలకూ ఇచ్చింది. అంటే కొత్త జిల్లా పరిషత్తులు పుట్టిన రోజున తల్లి దగ్గర పాలు లేవు. జిల్లాలు పెంచారు, సభలు పెంచారు, సంచులు మాత్రం పెంచలేదు. ఒక రొట్టెను ఆరు ముక్కలు చేసి, ఆరు రొట్టెలు ఇచ్చామన్నారు.

కాబట్టి మన మాట ఇది: దగ్గరకు వచ్చినంత మాత్రాన సభ మనది కాదు. చేతిలో అధికారం, సంచిలో సొమ్ము ఉంటేనే అది సభ. లేకుంటే అది బోర్డు.

తండా పంచాయతీల సంగతీ ఇంతే. "మా తండాలో మా రాజ్యం" అని మన పెద్దలు ఏళ్ల తరబడి అడిగితే, 2018 పంచాయతీరాజ్ చట్టంతో అయిదు వందల జనాభా ఉన్న తండాలు, గూడేలు పంచాయతీలయ్యాయి. రాష్ట్రంలో పంచాయతీలు 12,751 అయ్యాయి. పూర్తిగా గిరిజనులే ఉన్న మైదాన పంచాయతీలలో సర్పంచి పదవి మనకే. ఇది మన గెలుపు. దీని మీద ఎవరూ మన్ను పోయకూడదు. కానీ అదే చట్టం సర్పంచిని సస్పెండ్ చేసే అధికారం కలెక్టర్ చేతిలో పెట్టింది. చేసిన పనికి బిల్లులు రాక, వడ్డీకి తెచ్చిన అప్పు తీర్చలేక సర్పంచులు హైదరాబాద్‌లో ధర్నాలు చేశారు. రాజ్యం ఇచ్చారు, ఖజానా తాళం ఇవ్వలేదు.

ఏజెన్సీలో అయిదో షెడ్యూలు ఉంది, 1996 పెసా చట్టం ఉంది. "మావ నాటే మావ రాజ్" అన్న కోయ అన్నలకు, కాగితం మీదనైనా గ్రామసభ మాటకు విలువ ఉంది. అది సరిగా అమలు కావడం లేదని వాళ్లు కొట్లాడుతున్నారు, ఆ కొట్లాటలో మేం వాళ్ల వెంటే. పెద్దవంగర మైదానం. ఇక్కడ పెసా లేదు. మనల్ని కాపాడే ప్రత్యేక చట్టం లేనప్పుడు, ఎన్నికైన సభలో మన లెక్కే మన కాపలా. ఆ లెక్కను తగ్గించే ఏ గీతనైనా మనం అనుమానించాలి.

ఇదంతా మనకే జరుగుతోందా? భూగోళం అవతల ఫ్రెంచ్ గయానాను చూడండి. దక్షిణ అమెరికాలో ఉంది, కానీ ఫ్రాన్స్ పాలన. 1946 నుంచి ఫ్రాన్స్‌లో ఒక జిల్లా లాంటి విభాగం. కయెన్ నగరంలో జనరల్ కౌన్సిల్ అని ఒక సభ ఉండేది, మన జిల్లా పరిషత్తు లాంటిది, 19 మంది సభ్యులు. అదే నేల మీద 31 మందితో ప్రాంతీయ మండలి అని మరో సభ. ఒకే నేలకు రెండు సభలెందుకని 2010 జనవరి 24న ఓటు పెట్టారు. ఓటేసినవాళ్లలో నూటికి 57 మంది కలపండి అన్నారు. కానీ ఓటేసినది నూటికి ముప్పై మంది లోపే. 2015 డిసెంబరులో ఎన్నికలు జరిగి, రెండు సభల చోట 51 మంది ఒకే సభ వచ్చింది. పాత జనరల్ కౌన్సిల్ చరిత్రలో కలిసింది.

అక్కడ కలీన్యా, వయానా, టేకో వంటి ఆరు ఆదివాసీ జాతులున్నాయి. వాళ్లకేం దక్కింది? ఒక సలహా మండలి. పేరు పెద్దది, గ్రాండ్ కస్టమరీ కౌన్సిల్. 2017 చట్టంతో వచ్చింది. అది అభిప్రాయం చెప్పవచ్చు, నిర్ణయం చేయలేదు. సభలు రెండున్నా, ఒకటైనా, ఆదివాసీ మాట తలుపు బయటే నిలబడింది. మరి వాళ్లు ఊరుకున్నారా? లేదు. 1984 డిసెంబరులో అవాలా-యాలిమాపోలో కలీన్యా యువకుడు ఫెలిక్స్ టియూకా ఫ్రెంచ్ అధికారుల ముందు నిలబడి, ఈ నేల మీద మా హక్కును గుర్తించండి అని మాట్లాడాడు. 1988 చివరలో ఆ ఊరు మానా అనే పెద్ద పంచాయతీ నుంచి విడిపోయి సొంత పంచాయతీ అయింది. మన తండా పక్క ఊరి నుంచి విడిపోయినట్టే! 2017లో గయానా అంతా సమ్మె చేసినప్పుడు, ఆదివాసులకు నాలుగు లక్షల హెక్టార్ల భూమి ఇస్తామని ఒప్పందంలో రాయించుకున్నారు.

ఈ కథలో మనకు రెండు పాఠాలున్నాయి. ఒకటి: ఫ్రాన్స్ కలిపింది, తెలంగాణ పంచింది. రెండు చోట్లా కారణం ఒకటే చెప్పారు, పాలన ప్రజలకు మేలుగా ఉంటుందని. కలపడమూ మేలే, పంచడమూ మేలే అయితే, మేలు గీతలో లేదన్నమాట. గీసే చేతిలో ఉంది. రెండు: ఆ ఆదివాసులకు ఏమైనా దక్కిందంటే అది పెద్ద సభ దయతో రాలేదు. చిన్న ఊరి పంచాయతీని పట్టుకొని, అక్కడి నుంచి గొంతు పెంచితే వచ్చింది.

ఇప్పుడు మన దగ్గర కూడా జిల్లాలు మరీ ఎక్కువయ్యాయి, మళ్లీ సర్దాలి అన్న మాట వినిపిస్తోంది. ఖర్చు దండుగ అంటున్నారు. నగరాల పక్కన తండాలను మున్సిపాలిటీలలో కలపడం ఎప్పటినుంచో ఉంది. కలిసిన తండాకు ఇంటిపన్ను పెరుగుతుంది, ఉపాధి పని పోతుంది, సర్పంచి పోతాడు. వార్డు సభ్యుడొకడు మిగులుతాడు, వాడు మన మనిషి కావాలన్న హామీ లేదు. రేపు జిల్లాలనూ అలాగే కలిపితే? ముగ్గురిలో ఒకరం మళ్లీ ఏడుగురిలో ఒకరమవుతాం. ఇది పాలనా సౌలభ్యం ముచ్చట కాదు తమ్ముడూ, మన ఓటు బరువు ముచ్చట.

జిల్లా పరిషత్తు పాలకవర్గం లేకపోతే మరొకటీ పోతుంది. జిల్లా ప్రణాళికా సంఘంలో అయిదింట నాలుగు వంతుల సభ్యులు జిల్లా పరిషత్తు, మున్సిపాలిటీ సభ్యుల నుంచే ఎన్నిక కావాలని రాజ్యాంగం 243జెడ్‌డి చెబుతోంది. సభ్యులే లేకుంటే ప్రణాళిక ఎవరు వేస్తారు? ఆఫీసర్లు వేస్తారు. ఏ తండాకు రోడ్డు, ఏ తండాకు బడి గది అన్నది మన భాష రాని మనిషి గదిలో తేలుతుంది.

మన ఇంటి మురికి కూడా చెప్పుకోవాలి. చెప్పకపోతే పక్కవాడు చెబుతాడు, ఎగతాళిగా చెబుతాడు. ఏకగ్రీవం పేరుతో సర్పంచి పదవిని వేలం పాడిన తండాలున్నాయి. పాడిన డబ్బుతో గుడి కట్టామంటారు. గుడి కట్టాలంటే చందా వేసుకుందాం, రాజ్యాంగం ఇచ్చిన కుర్చీని ఎందుకు అమ్ముతాం? ఆడబిడ్డ గెలిస్తే మీటింగులో భర్త కూర్చుంటాడు. మన నసాబ్‌లో నాయక్, కారోబారి కూర్చొని తీర్పు చెప్పేనాడు ఆడవాళ్లు దూరంగా నిలబడేవాళ్లు. ఆ పాత అలవాటును కొత్త పంచాయతీలోకి మోసుకొచ్చాం. మన సభలో మన ఆడవాళ్లకే మాట లేకుంటే, జిల్లా సభలో మనకు మాట లేదని ఏ ముఖం పెట్టుకొని అడుగుతాం?

కాబట్టి మేం అడిగేది దాపరికం లేకుండా అడుగుతున్నాం.

జడ్పీటీసీ, ఎంపీటీసీ ఎన్నికలు గడువు దాటకుండా జరగాలి. ప్రత్యేకాధికారి పాలన తండాకు శిక్ష లాంటిది. నేరం చేసింది మేం కాదు.

జిల్లాను, మండలాన్ని, పంచాయతీని పంచినా, కలిపినా, ముందు ప్రతి తండాలో గ్రామసభ పెట్టాలి. ఆ గీత వల్ల గిరిజన జనాభా శాతం ఎంత పెరుగుతుంది, ఎంత తగ్గుతుంది అన్న పట్టికను ముసాయిదాతో పాటే తెలుగులో అచ్చువేసి తండా చావిడిలో అతికించాలి. తగ్గేటట్టయితే ఎందుకు తగ్గిస్తున్నారో రాసి చెప్పాలి.

జిల్లా పరిషత్తుకు పేరుతో పాటు పైసలు ఇవ్వాలి. దాని స్థాయీ సంఘాలలో విద్య, సాంఘిక సంక్షేమం మీద తండాల నుంచి వచ్చిన సభ్యుల మాటకు విలువ ఉండాలి.

ఇక టీచర్లకు ఒక మాట. మీరు పిల్లలకు పౌరశాస్త్రం పాఠం చెబుతారు. మూడంచెల వ్యవస్థ అని నల్లబల్ల మీద మూడు మెట్లు గీస్తారు. ఈసారి ఆ మెట్ల పక్కన మన తండా పేరు రాయండి. మన వార్డు సభ్యురాలు ఎవరు, మన జడ్పీటీసీ కుర్చీ ఎన్నాళ్లుగా ఖాళీగా ఉంది అని అడగండి. పరీక్షలో ఆ ప్రశ్న రాదు. బతుకులో వస్తుంది.

యువకులకు మరో మాట. ఈసారి ముప్పై రోజుల గడువిస్తూ ముసాయిదా వస్తే, మొదటి రోజునే తండాలో సభ పెట్టండి. తెలుగులో రాయండి, మన గోర్ బోలిలో చదివి వినిపించండి. ముసలమ్మల వేలిముద్రలు కూడా తీసుకోండి, వాటి బరువు సంతకాల కన్నా తక్కువ కాదు. రసీదు అడగండి, ఆ రసీదు దాచండి. కొడకండ్ల మేనమామకు, బయ్యారం వియ్యంకుడికి, ములుగు కోయ దోస్తుకు ఫోను చేసి వాళ్లు కూడా రాశారా అని కనుక్కోండి. గీత మనల్ని విడదీసింది గానీ, ఫోను విడదీయలేదు.

మన పెద్దలు తండాకు పంచాయతీ అడిగినప్పుడు కూడా నవ్వారు. "అయిదు వందల మందికి సర్పంచా?" అన్నారు. ఇప్పుడు ఆ సర్పంచుల కోసం ఓట్లడగను అన్ని పార్టీలూ తండాకే వస్తున్నాయి. జిల్లా సభ మాది, దాని గీత మమ్మల్ని అడగకుండా గీయొద్దు అంటే ఈనాడూ నవ్వుతారు. నవ్వనీయండి. పంచినా వాళ్లే, కలిపినా వాళ్లే అన్న రోజులు మాత్రం ఇక చాలు.